ర్యాంకు లేని చోట సీటు: అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తెలుగు ఇళ్లలో కాలేజీ అప్లికేషన్లకు ఎలా సిద్ధం కావాలి

మనలో చాలామందికి కాలేజీ సీటంటే ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు. ఎంసెట్ రాశాం. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని నాన్నతో కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్లాం. మన ర్యాంకుకి ఏ కాలేజీలో ఏ బ్రాంచి మిగిలిందో చూసుకుని చేరిపోయాం. టెన్షన్ ఉండేది కానీ లెక్క అందరికీ తెలిసేది.

ఇక్కడ పిల్లలు హైస్కూల్‌కి వచ్చాక కూడా మనం ఆ ర్యాంకునే వెతుకుతాం. శాట్ అనే ప్రవేశ పరీక్షలో 1500 దాటితే ఎక్కడొస్తుంది, జీపీఏ (బడి గ్రేడ్ల సగటు) ఎంతుంటే ఎక్కడొస్తుంది అని వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతాం. పేరున్న కాలేజీల్లో చాలావాటికి అలాంటి లెక్క లేదు. మార్కులు, తీసుకున్న కోర్సులు, ఎస్సేలు, టీచర్ల సిఫార్సు ఉత్తరాలు, బడి బయట చేసిన పనులు అన్నీ ఒక ఫైలుగా వెళతాయి. దాన్ని మనుషులు కూర్చుని చదివి నిర్ణయిస్తారు. అంటే ఒక్క పరీక్షకి రెండేళ్లు తోమడం ఇక్కడ పనిచేయదు. నాలుగేళ్లలో కొన్ని పనుల్ని వాటి వాటి సమయానికి చేసుకోవాలి. కొన్ని మాటలు ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

మేం డాలస్ దగ్గర ఉంటాం. ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి అప్లికేషన్లప్పుడు తెలియక తప్పులు చేశాం, చిన్నవాడి దగ్గరికి వచ్చేసరికి కొంత నేర్చుకున్నాం. నాకు మళ్లీ మొదటి నుంచి చేసే అవకాశం ఉంటే ఏ వరుసలో చేస్తానో ఆ వరుసలోనే రాస్తున్నాను.

ముందు డబ్బు మాట

పెద్దమ్మాయికి తను ఎంతో ఇష్టపడ్డ ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. మార్చి నెలాఖరు. ఇంట్లో అందరం ఎగిరి గంతేశాం. ఆ రాత్రి ఖర్చుల కాగితం తెరిచాక గానీ మేం లెక్క వేసుకోలేదు. హాస్టలు, తిండితో కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. మా ఇద్దరి జీతాలు చూసి వాళ్లు ఎయిడ్ (ఖర్చుకి సాయం) ఏమీ ఇవ్వలేదు. వెనకాల చిన్నవాడు ఉన్నాడు. కుదరదని చెప్పడానికి మాకు వారం పట్టింది. తను గొడవ చేయలేదు. "ఈ మాట అప్లై చేసేముందే చెప్పుంటే అసలు అక్కడ ఆశ పెట్టుకునేదాన్ని కాదు కదమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ నా మనసులో నుంచి పోలేదు.

అందుకే 9వ గ్రేడ్‌లో కాకపోయినా 10వ గ్రేడ్ అయ్యేలోపు ఈ పని చేయండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని, అప్పు లేకుండా ఏడాదికి ఎంత పెట్టగలమో ఒక అంకె రాసుకోండి. అప్పు తీసుకుంటామంటే ఎంతవరకో అదీ రాసుకోండి. తర్వాత ఆ అంకెని పిల్లలకి చెప్పండి. పిల్లలకి డబ్బు టెన్షన్ ఎందుకని దాచకండి. పదిహేనేళ్ల పిల్లలు అర్థం చేసుకుంటారు.

తర్వాత నాలుగైదు కాలేజీల వెబ్‌సైట్లలో నెట్ ప్రైస్ క్యాల్‌క్యులేటర్ తెరవండి. ఎయిడ్ ఇచ్చే ప్రతి కాలేజీ వెబ్‌సైట్లోనూ అది ఉండాలని 2011 నుంచి ఫెడరల్ చట్టం చెబుతోంది. పోయినేడాది ట్యాక్స్ రిటర్న్ పక్కన పెట్టుకుంటే పావుగంట పని. మీ కుటుంబానికి ఆ కాలేజీ నిజంగా ఎంత పడుతుందో సుమారుగా తెలుస్తుంది. సొంత వ్యాపారం, అద్దెకిచ్చిన ఇళ్లు ఉన్నవాళ్లకి ఈ లెక్క అంత కచ్చితంగా రాదు. వాళ్లు కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి రాసి అడగడం మంచిది.

ఎయిడ్ రెండు రకాలు. కుటుంబ ఆదాయం చూసి ఇచ్చేది ఒకటి, పిల్లల చదువు చూసి ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ ఇంకొకటి. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, ఆదాయం చూసే ఇస్తాయి. అది తెలియక "మావాడికి 1560 వచ్చింది, స్కాలర్‌షిప్ ఇవ్వరా" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. 2025 నుంచి ఎంఐటీ 2 లక్షల డాలర్లలోపు ఆదాయం, మామూలు స్థాయి ఆస్తులు ఉన్న ఇళ్ల పిల్లలకి ట్యూషన్ లేకుండా చేసింది. అంటే పేరు చూసి ఖరీదనుకున్న కాలేజీ కొందరికి రాష్ట్ర యూనివర్సిటీ కన్నా చవకగా పడొచ్చు. వేరే రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీ మాత్రం చాలాసార్లు భారమే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా బయటి రాష్ట్రాలవాళ్ల దగ్గర మామూలు ట్యూషన్ మీద ఏటా ఇంకో 30 వేల డాలర్లకు పైనే తీసుకుంటుంది.

హెచ్-4 మీద ఉన్న పిల్లలు

హెచ్-4 అంటే హెచ్-1బీ మీద పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకి ఇచ్చే డిపెండెంట్ వీసా. మన ఇళ్లలో ఈ మాటని పిల్లల ముందు ఎత్తడానికే ఇష్టపడం. కానీ గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్న కుటుంబాల్లో కాలేజీ దారిని చదువుతో పాటు వీసా కూడా నిర్ణయిస్తుంది. 9వ గ్రేడ్‌లోనే వివరంగా చెప్పండి. స్నేహితులంతా ఐస్‌క్రీమ్ షాపులో పార్ట్‌టైమ్ పని చేస్తుంటే తను ఎందుకు చేయకూడదో తెలియక లోలోపల చిన్నబుచ్చుకునే పిల్లల్ని నేను చూశాను.

హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతం వచ్చే ఏ పనీ చేయకూడదు. వేసవి ఇంటర్న్‌షిప్‌లో డబ్బులిస్తే అదీ కుదరదు. ఫెడరల్ ఎయిడ్ రాదు, అది సిటిజన్లకి, గ్రీన్ కార్డున్నవాళ్లకి, చట్టం చెప్పిన ఇంకొన్ని వర్గాలకి మాత్రమే. ప్రైవేట్ కాలేజీలు చాలావరకు ఎయిడ్ విషయంలో వీళ్లని అంతర్జాతీయ విద్యార్థులతో కలిపి చూస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని చోట్ల మాత్రం అంతర్జాతీయ విద్యార్థులకి కూడా అడ్మిషన్ ఇచ్చేటప్పుడు డబ్బు స్తోమత చూడరు. సీటు వస్తే అవసరమైనంత ఎయిడ్ ఇస్తారు. సీటు రావడం చాలా కష్టం. అయినా ఆ తలుపు తెరిచే ఉందని పిల్లలకి తెలియాలి.

ఇన్-స్టేట్ ఫీజు సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఏళ్లుగా అక్కడే ఉంటున్న హెచ్-4 పిల్లలకి చాలా రాష్ట్రాలు ఇస్తాయి. పక్కింటివాళ్ల మాట నమ్మి ఊరుకోకుండా, 11వ గ్రేడ్‌లో ఉండగానే మీరనుకుంటున్న యూనివర్సిటీ రెసిడెన్సీ విభాగానికి ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి. ఇంకొకటి, 21 ఏళ్లు నిండే తేదీ. ఆ తర్వాత హెచ్-4 మీద ఉండడం కుదరదు. మామూలుగా అది కాలేజీ మూడో సంవత్సరంలో వస్తుంది. దానికి ఏడాది ముందే లాయర్‌తో మాట్లాడి విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కి మారే దారి చూసుకోవాలి. వీసా మారితే ఫీజు మారుతుందా అని కాలేజీని కూడా అప్పుడే అడగాలి.

9, 10 గ్రేడ్లు: ఏ కోర్సులు తీసుకోవాలి

ఫైలులో అన్నిటికన్నా ముందు చూసేది ట్రాన్‌స్క్రిప్ట్, అంటే హైస్కూల్ కోర్సులు, గ్రేడ్ల పట్టిక. అందులో గ్రేడ్లతో పాటు ఎంత కష్టమైన కోర్సులు తీసుకున్నారో చూస్తారు. మీ బడిలో దొరికేవాటిలో మీ పిల్లలు ఏం ఎంచుకున్నారన్నదే కొలత. ప్రతి బడీ తన దగ్గర ఏయే కోర్సులున్నాయో చెప్పే స్కూల్ ప్రొఫైల్ అనే కాగితాన్ని అప్లికేషన్‌తో పాటు పంపుతుంది. బడిలో ఆరు ఏపీ కోర్సులే (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) ఉంటే పన్నెండు తీసుకోలేదని ఎవరూ అడగరు.

వచ్చే ఏడాది కోర్సుల ఎంపిక చాలా బడుల్లో జనవరి, ఫిబ్రవరిలోనే అయిపోతుంది. ఆ ఫారం వచ్చినప్పుడు పిల్లలతో కూర్చోండి. ఇంజినీరింగ్ ఆలోచన ఉంటే 12వ గ్రేడ్‌కి క్యాల్‌క్యులస్, ఫిజిక్స్ చేరేలా ఇప్పటి నుంచి మెట్లు లెక్క పెట్టుకోవాలి. 9వ గ్రేడ్‌లో ఆల్జీబ్రా-1 చదువుతున్న పిల్లలు మధ్యలో ఒక ఏడాది రెండు మ్యాథ్ కోర్సులు కలిపి తీసుకోవడమో, వేసవిలో ఒకటి చేయడమో చేయాలి. అలాగని ఏడో క్లాసు నుంచే మ్యాథ్‌లో ముందుకు తోసి, పునాది లేకుండా క్యాల్‌క్యులస్‌లో కూలబడ్డ పిల్లలూ ఉన్నారు. అర్థమయ్యే వేగమే సరైన వేగం.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లు ఒక సంగతి ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఇక్కడ ర్యాంకు కొంతవరకు ఉంది! 1997 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం హైస్కూల్లో పై 10 శాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు గ్యారంటీ. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి (ఆస్టిన్ యూటీకి) మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంటుంది, 2026లో చేరేవాళ్లకి 5 శాతం. అయితే గ్యారంటీ యూనివర్సిటీలో సీటుకే, కోరుకున్న మేజర్‌కి (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టుకి) కాదు. పై 5 శాతంలో ఉన్నా కంప్యూటర్ సైన్స్ రాని పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. మా చుట్టుపక్కల బడుల్లో ర్యాంకు పాయింట్ల కోసమే ఇష్టం లేని ఏపీ కోర్సులు వరసగా పెట్టుకుని, రాత్రి రెండింటి దాకా మేలుకునే పిల్లలున్నారు. నా మటుకు నేను దాన్ని ఒప్పుకోను. ఇష్టమున్న కోర్సులో కష్టం ఉంటే పిల్లలు మోస్తారు, ర్యాంకు కోసం మోసేది ఎక్కడో ఒకచోట విరుగుతుంది.

కాలిఫోర్నియాలో లెక్క ఇంకోలా ఉంది. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) లెక్కేసే జీపీఏలోకి 10, 11 గ్రేడ్ల మార్కులే వస్తాయి. 9వ గ్రేడ్‌లో తడబడ్డ పిల్లలకి అదొక ఊరట.

తెలుగు చదవడం, రాయడం వచ్చిన పిల్లలుంటే, మీ రాష్ట్రంలో సీల్ ఆఫ్ బైలిటరసీకి (రెండు భాషలు వచ్చిన పిల్లలకి ఇచ్చే గుర్తింపుకి) తెలుగు పరీక్ష రాయొచ్చేమో బడి కౌన్సెలర్‌ని అడగండి. కొన్ని జిల్లాల్లో అలాంటి పరీక్షతో భాష క్రెడిట్లు కూడా ఇస్తారు. ఆదివారం తెలుగు బడికి పదేళ్లు తిరిగిన కష్టం ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తే పిల్లలకి ఎంత సంతోషమో.

బడి బయటి పనులు

కామన్ యాప్ అనే అప్లికేషన్‌ని వెయ్యికి పైగా కాలేజీలు తీసుకుంటాయి. అందులో పనులు రాయడానికి 10 గళ్లు ఉంటాయి. ఒక్కో పని గురించి చెప్పుకోవడానికి 150 అక్షరాలే. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతుంది. పదీ నింపాలని రూలేమీ లేదు. రెండు మూడు పనుల్లో నాలుగేళ్లు నిలబడ్డ పిల్లల ఫైలు, పదిహేను క్లబ్బుల్లో పేరు రాయించుకున్న ఫైలు కన్నా బాగా మాట్లాడుతుంది.

మా చిన్నవాడికి క్రికెట్ స్కోరింగ్ పిచ్చి. ఇక్కడ మన తెలుగువాళ్లు నడిపే వారాంతపు లీగుల్లో వాడు తొమ్మిదో గ్రేడ్ నుంచి స్కోరు రాసేవాడు. పదకొండో గ్రేడ్‌కి అంపైర్ రాని రోజు తనే నిలబడేవాడు. ఎండలో శనివారాలన్నీ అక్కడే పోతున్నాయని నేను కోప్పడేదాన్ని, రోబోటిక్స్‌లో చేరమని సతాయించాను. అప్లికేషన్‌లో వాడు మొదటి గడిలో రాసింది ఆ స్కోరింగే. రోబోటిక్స్ ఒక్క సెమిస్టరే చేసి మానేశాడు, అది అసలు రాయనే లేదు.

కూచిపూడి, కర్ణాటక సంగీతం, స్పెల్లింగ్ బీ మన పిల్లల్లో చాలామంది చేస్తారు. అందరూ చేస్తున్నారని మానిపించకండి, ఇష్టంగా చేస్తుంటే చేయనివ్వండి. కాలేజీ ఫైలు కోసమని పదో గ్రేడ్‌లో కొత్తగా మొదలుపెట్టకండి. వేసవిలో పెద్ద యూనివర్సిటీల పేరుతో వేల డాలర్లు తీసుకునే ప్రోగ్రామ్‌లుంటాయి. వాటిలో చాలావరకు డబ్బు కట్టినవాళ్లందరినీ తీసుకునేవే. అక్కడ చదివినంత మాత్రాన ఆ యూనివర్సిటీలో సీటు దగ్గరపడదు. లైబ్రరీలో చిన్నపిల్లలకి లెక్కలు చెప్పడం, తాతగారిని చూసుకోవడం కూడా ఆ గళ్లలో రాయదగ్గ పనులే. ఇంటి బాధ్యతలకి కామన్ యాప్‌లో విడిగా ఒక వర్గమే ఉంది.

నెలకోసారి ఒక ఫైలులో చేసిన పనుల్ని, వచ్చిన బహుమతుల్ని, గంటల్ని నాలుగు ముక్కలు రాసి పెట్టమనండి. మూడేళ్ల తర్వాత తేదీలెవరికీ గుర్తుండవు.

11వ గ్రేడ్: పరీక్షలు, ఉత్తరాలు

అక్టోబర్‌లో శాట్‌కి ముందస్తు పరీక్షలాంటి పీశాట్ బడిలోనే రాస్తారు. శాట్ ఇప్పుడు పూర్తిగా కంప్యూటర్ మీదే, 2 గంటల 14 నిమిషాలు, 1600కి. బ్లూబుక్ యాప్‌లో అసలు పరీక్షలాంటి నమూనా పరీక్షలు ఉచితం, ఖాన్ అకాడమీలో పాఠాలూ ఉచితం. ముందు అవి పూర్తిగా వాడాక కూడా స్కోరు కదలకపోతే అప్పుడు కోచింగ్ గురించి ఆలోచించండి. వసంతంలో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి రాస్తే చాలామందికి సరిపోతుంది.

స్కోరు పంపాలా వద్దా అన్నది కాలేజీని బట్టి ఉంటుంది. కోవిడ్ తర్వాత అక్కర్లేదన్న కాలేజీల్లో కొన్ని మళ్లీ అడుగుతున్నాయి. ఎంఐటీ 2022లో తిరిగి మొదలుపెట్టింది. 2024లో హార్వర్డ్, బ్రౌన్, డార్ట్‌మత్, ఆస్టిన్ యూటీ అదే ప్రకటించాయి. యూసీ క్యాంపస్‌లు అడ్మిషన్‌కి స్కోరు అసలు చూడవు. మీ జాబితాలో ప్రతి కాలేజీ పక్కనా ఈ సంగతి రాసుకోండి. ఏటా మారొచ్చు కాబట్టి కాలేజీ పేజీలోనే చూడండి.

టీచర్ల ఉత్తరాలు సాధారణంగా రెండు కావాలి. 11వ గ్రేడ్‌లో ముఖ్యమైన సబ్జెక్టులు చెప్పినవాళ్లని మే నెలలోనే, వేసవి సెలవులకి ముందే అడగాలి. ఏ ప్లస్ వచ్చిన క్లాసు టీచరే కానక్కర్లేదు. సి వచ్చిన టెస్టు తర్వాత రోజూ మధ్యాహ్నం వెళ్లి డౌట్లు అడిగి పైకొచ్చిన క్లాసులో టీచర్ రాయడానికి చాలా ఉంటుంది. అడగాల్సింది పిల్లలే, తల్లిదండ్రుల ఈమెయిల్ వద్దు.

కౌన్సెలర్ కూడా ఒక ఉత్తరం రాస్తారు. ఒక్కో కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలుండాలన్నది వాళ్ల జాతీయ సంఘం చెప్పే లెక్క. చాలా బడుల్లో అంతకన్నా ఎక్కువే ఉంటారు. మీ పిల్లలెవరో వాళ్లకి తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. ఏడాదికి రెండుసార్లు వెళ్లి కలవమనండి. ఆ ఉత్తరం కోసం పిల్లల గురించి రాసివ్వమని బ్రాగ్ షీట్ అని ఒక కాగితం ఇస్తారు. తల్లిదండ్రులు నింపే భాగం ఉంటే "హార్డ్ వర్కింగ్, ఒబీడియెంట్" అని రెండు ముక్కలు రాసి పంపేయకండి. ఒక సంఘటన రాయండి. నేను మావాడు స్కోరు బుక్కులో ఒక పరుగు తప్పు రాశానని మర్నాడు రెండు జట్ల కెప్టెన్లకీ ఫోన్ చేసి చెప్పడం రాశాను.

జాబితా ఎలా వేయాలి

పత్రికల ర్యాంకుల పట్టిక తెరిచి పైనుంచి ఇరవై పేర్లు రాసుకోవడం మనకి అలవాటైన దారి. మేమూ అలాగే మొదలుపెట్టాం. ఇంతకన్నా పనికొచ్చే కాగితం ఒకటుంది, కామన్ డేటా సెట్. కాలేజీ పేరు పక్కన ఆ మాట కలిపి వెతికితే చాలా కాలేజీలది దొరుకుతుంది. ఏటా ఒకే పద్ధతిలో నింపే ఈ కాగితంలో ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని తీసుకున్నారు అన్నది సి1లో ఉంటుంది. సి7లో గ్రేడ్లు, ఎస్సే, టీచర్ల ఉత్తరాలు, పనులు, కాలేజీ మీద చూపించిన ఆసక్తి, ఇలా ఒక్కోదాన్నీ ఆ కాలేజీ ఎంత ముఖ్యంగా చూస్తుందో టిక్కు పెట్టి చెబుతారు. హెచ్ భాగం మొత్తం డబ్బు గురించి. అవసరం లేని కుటుంబాల పిల్లలకి మెరిట్ ఎంత ఇచ్చారో, అంతర్జాతీయ విద్యార్థులకి ఎంతమందికి ఎంత ఎయిడ్ ఇచ్చారో అందులోనే ఉంటుంది. హెచ్-4 పిల్లలున్నవాళ్లు హెచ్6 తప్పక చూడండి. అక్కడ సున్నా ఉంటే అప్లికేషన్ ఫీజు దండగ.

తర్వాత మేజర్. యూనివర్సిటీ మొత్తానికి ఎంత శాతం సీట్లిస్తారన్నది చూసి కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేయకండి. ఇలినాయ్ అర్బానా-షాంపేన్, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, ఆస్టిన్ యూటీ లాంటి చోట్ల కంప్యూటర్ సైన్స్ పోటీ మిగతా యూనివర్సిటీ పోటీ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వేరే మేజర్‌లో చేరి తర్వాత మారొచ్చులే అనుకుంటే, మారనివ్వని కాలేజీలున్నాయి. ముందే కనుక్కోండి. అసలు మీ పిల్లలకి కంప్యూటర్ సైన్సే కావాలా అని కూడా ఒకసారి అడగండి. ఆ ఒక్క ప్రశ్న వేయని తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయని నా బాధ.

పది, పన్నెండు పేర్లు చాలు. వాటిలో కనీసం రెండు ఎలా ఉండాలంటే, సీటు దాదాపు ఖాయంగా వచ్చేవి, మీరు రాసుకున్న అంకెలో ఇమిడేవి, పిల్లలు సంతోషంగా వెళ్లేవి. మూడూ కలవాలి. ఈ రెండు పేర్లనే ముందు వెతకండి, ఎంతసేపైనా పర్వాలేదు. కలల కాలేజీ ఎలాగూ పిల్లలకి తెలుసు.

కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల స్థానిక కాలేజీ) మాట ఎత్తితే మన ఫంక్షన్లలో అందరూ మౌనం అయిపోతారు. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, కావాల్సిన కోర్సులు, గ్రేడ్లు సాధిస్తే డేవిస్, అర్వైన్, శాంటా బార్బరాతో సహా ఆరు యూసీ క్యాంపస్‌లు ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ ఇస్తాయి. డిగ్రీ మీద చివరికి ఉండేది యూసీ పేరే. డబ్బు తక్కువున్న ఇంటికి, కొంచెం ఆలస్యంగా వికసించే పిల్లలకి ఇది గౌరవమైన దారి.

వేసవి: ఎస్సే

కామన్ యాప్ కొత్త ఏడాదికి ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముఖ్యమైన ఎస్సేకి 650 పదాలు గరిష్ఠం. దానికి తోడు చాలా కాలేజీలు చిన్న చిన్న ఎస్సేలు విడిగా అడుగుతాయి. యూసీది వేరే అప్లికేషన్. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాల్లోపు జవాబు రాయాలి. పది కాలేజీలంటే చూస్తుండగానే పాతిక ఎస్సేలు అవుతాయి. బడి తెరిచాక మొదలుపెడితే నిద్ర ఉండదు. జూన్‌లో మొదలుపెట్టించండి.

మావాడు మొదట అమెరికాకి రెండు సూట్‌కేసులతో వచ్చిన అమ్మానాన్నల గురించి రాశాడు. చదివి నాకు కళ్లు చెమర్చాయి. కానీ అందులో మేమున్నాం, వాడు లేడు. వాళ్ల ఇంగ్లిష్ టీచర్ కూడా అదే అన్నారు. ఫోన్‌లో రికార్డు పెట్టుకుని పది నిమిషాలు ఏదో ఒకటి మాట్లాడమంటే, నాన్న స్నేహితుడైన అంకుల్‌ని ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చిన రోజు సంగతి చెప్పాడు. ఇంట్లో భోజనానికి వస్తే పక్కన కూర్చోబెట్టుకునే మనిషి, వాడి ముందు బ్యాట్ నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. పదహారేళ్ల వాడికి వేలు ఎత్తడానికి పట్టిన ఆ రెండు సెకన్లు, ఆ రాత్రి అంకుల్ ఇంటికొస్తాడా రాడా అన్న దిగులు. ఎస్సే అదే అయింది.

మీ ఇంట్లో కూడా అలాగే చేయించి చూడండి. ముందు మాట్లాడమనండి, తర్వాత రాయమనండి. మీరు చదవండి కానీ దిద్దకండి. "ఇక్కడ నాకు నువ్వు కనిపించావు, ఇక్కడ కనిపించలేదు" అని చెప్పండి చాలు. ఏఐతో రాయించి తమ పేరు పెట్టుకోవడాన్ని కామన్ యాప్ మోసంగా లెక్కగడుతుంది. అది అటుంచితే, అలా రాసిందాంట్లో పిల్లల గొంతు ఉండదు. వేల డాలర్లు తీసుకుని ఎస్సేలు దిద్దే కన్సల్టెంట్లు ఉన్నారు. పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. రాసిచ్చేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

12వ గ్రేడ్: తేదీలు

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. కాలేజీ పేరు, గడువు, ఎస్సేలు, శాట్ కావాలా, ఎన్ని ఉత్తరాలు, ఫీజు, ఎయిడ్ కాగితాల గడువు, పోర్టల్ లాగిన్. ఈ గడులు చాలు. అప్లికేషన్లకి విడిగా ఒక ఈమెయిల్ తెరిపించండి. బడి ఇచ్చిన ఈమెయిల్ గ్రాడ్యుయేషన్ తర్వాత మూసేస్తారు.

ఎర్లీ యాక్షన్ అంటే ముందు అప్లై చేసి ముందు తెలుసుకోవడం, కట్టుబాటు లేదు. చాలావరకు నవంబర్ 1 గడువు. ఆస్టిన్ యూటీకి అక్టోబర్ 15. ఎర్లీ డిసిషన్ అలా కాదు. సీటొస్తే చేరి తీరతామని పిల్లలు, తల్లిదండ్రులు, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. కొన్ని కాలేజీల్లో దీనివల్ల అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ వేరే కాలేజీలిచ్చే స్కాలర్‌షిప్‌లతో పోల్చుకునే వీలు ఉండదు. నెట్ ప్రైస్ లెక్క వేసుకుని, పూర్తి ఖర్చు భరించగలమని తేలితేనే సంతకం పెట్టండి. యూసీ గడువు నవంబర్ 30 ప్రాంతంలో, ఒక్కో క్యాంపస్‌కి 80 డాలర్లు. మిగతావి చాలావరకు జనవరి మొదటి వారంలోపు.

ఫెడరల్ ఎయిడ్‌కి నింపే ఫారం ఫాఫ్సా మామూలుగా అక్టోబర్ 1న తెరుచుకుంటుంది. ప్రైవేట్ కాలేజీలు కొన్ని దానికి తోడు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఎయిడ్ ఫారం అడుగుతాయి. దాని గడువు అప్లికేషన్ గడువుతోనే ఉండొచ్చు. ఇది పూర్తిగా మన పని, పిల్లల మీద వదలకండి. ఏ అప్లికేషనైనా గడువుకి రెండు రోజుల ముందే పంపించండి. పంపాక ప్రతి కాలేజీ ఒక పోర్టల్ ఇస్తుంది. ఏ కాగితం అందలేదో అక్కడే కనిపిస్తుంది కాబట్టి వారానికోసారి చూడాలి.

జవాబులు వచ్చే రోజుల్లో

ఎర్లీ ఫలితాలు చాలావరకు డిసెంబర్ మధ్య నుంచి వస్తాయి, మిగతావి మార్చి నెలాఖరుకి. ఈ నెలల్లో ఇతరుల పిల్లల్ని "నీకెక్కడొచ్చింది" అని అడగకండి. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు. మీ పిల్లలకి వచ్చిన జవాబుల్ని వాళ్లని అడగకుండా గ్రూపులో పెట్టకండి. కాదన్న జవాబు వచ్చిన సాయంత్రం కారణాలు వెతక్కండి, శాట్ ఇంకోసారి రాయాల్సింది అనకండి. అన్నం పెట్టి పక్కన కూర్చోండి.

వెయిట్‌లిస్ట్ వస్తే, ఇంకా ఆసక్తి ఉందని పోర్టల్‌లో చెప్పాలి. కాలేజీ ఒప్పుకుంటే చిన్న ఉత్తరం పంపొచ్చు. కానీ దాన్ని నమ్ముకోకుండా మే 1లోపు ఒక కాలేజీకి డిపాజిట్ కట్టేయండి. అంతకు ముందు ఎయిడ్ ఉత్తరాల్ని పక్కపక్కన పెట్టి చదవండి. అందులో అప్పు కూడా ఎయిడ్ అన్న పేరుతోనే ఉంటుంది. తిరిగి కట్టనక్కర్లేని మొత్తాన్ని విడిగా కూడుకోండి. మీ పరిస్థితి మారితే, ఉద్యోగం పోయినా, ఆస్పత్రి ఖర్చులొచ్చినా, ఎయిడ్ ఆఫీసుకి రాసి మళ్లీ చూడమని అడగొచ్చు.

12వ గ్రేడ్ చివరి సెమిస్టర్ గ్రేడ్లు కూడా కాలేజీకి వెళతాయి. బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు.

పిల్లలకి 18 నిండాక వాళ్ల ఆరోగ్య వివరాలు ఆస్పత్రి మనకి చెప్పనక్కర్లేదు, గ్రేడ్లు కాలేజీ చెప్పనక్కర్లేదు. వైద్యం విషయంలో మనకి అధికారమిచ్చే మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితం మీద వేసవిలోనే సంతకం చేయించుకోండి. టెక్సాస్‌లో చేరే 22 ఏళ్లలోపు పిల్లలు క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు మెనింజైటిస్ టీకా వేయించుకుని ఉండాలి. ఐదేళ్ల కిందట వేయించిందైతే మళ్లీ వేయించాలి. మా పెద్దమ్మాయిది ఆఖరి వారంలో గుర్తొచ్చి మూడు ఫార్మసీలు తిరిగాం. చిన్నవాడికి జూన్‌లోనే వేయించేశాను.